సంఘం బీరువా తూకానికి వెళ్లకముందు చదవాల్సిన ఆరు కథలు



పోయిన మీటింగులో హాలు మూలనున్న ఇనుప బీరువా గురించి మాట వచ్చింది. లోపలున్నవన్నీ తెలుగు పుస్తకాలు. తాళంచెవి ఎవరి దగ్గరుందని అడిగితే ముగ్గురు ముగ్గురి పేర్లు చెప్పారు. చివరికి ఒకాయన, "ఎవరూ చదవనప్పుడు చోటు దండగ కదండీ, తూకానికిచ్చేసి ఆ జాగాలో కుర్చీలు సర్దుకుందాం" అన్నారు. ఆయన్ని తప్పు పట్టడం లేదు. పెళ్లిళ్లకీ పూజలకీ కుర్చీలు నిజంగానే చాలడం లేదు. మేము లేచి, "ఒక్క నెల ఆగండి, అందులో ఏముందో రాసి పంపుతాం, చదివాక తేల్చండి" అన్నాం. ఆ మాట నిలబెట్టుకోవడానికే ఈ పొడుగాటి పోస్టు. టీ పెట్టుకుని కూర్చోండి.

ఆరు కథలు చెబుతాం. నాలుగు తెలుగువి, అవి మన బీరువాలో ఉన్నాయి. ఒకటి ఒడియాది, ఒకటి తమిళంది. ఆ రెండూ పక్కింటివాళ్ల బీరువాలోవి, అయినా మనవాళ్లే అనుకోండి. కథలు ఎప్పుడు పుట్టాయో ఆ వరసలోనే చెబుతాం. ఎందుకంటే వరసలో పెడితేనే ఒక సంగతి కనిపిస్తుంది.

ముందు మా సంగతి రెండు ముక్కలు. మేము పండితులం కాం. రైల్వేలో బుకింగ్ గుమాస్తాగా చేరి, గుమాస్తాగానే దిగినవాళ్లం. మా నాన్నగారు సదరన్ రైల్వేలో జోలార్‌పేటలో పనిచేసేవారు. అందుచేత మా చదువంతా తమిళంలోనే సాగింది. ఇంట్లో మాత్రం తెలుగు మాట. అమ్మది ఈ అస్కాయే. ఇక్కణ్నుంచి తాతగారు నెలకో ఉత్తరం తెలుగులో రాసేవారు. అమ్మకి అక్షరాలు రావు. నాన్నగారు డ్యూటీ మీద ఉంటే ఉత్తరం రెండేసి రోజులు గూట్లో ఉండిపోయేది. "చదువుకుంటున్నావు కదరా, చదివి పెట్టు" అని అమ్మ మాకిచ్చేది. ఆ కాగితం తిరగేసి చూసి తిరిగి ఇచ్చేసేవాళ్లం. మార్కులు తెచ్చుకునే పిల్లాడికి తల్లి ఉత్తరం చదవడం రాలేదు. ఆవిడ మొహం ఇప్పటికీ గుర్తే.

తర్వాత ఉద్యోగం మాకు బరంపురంలో వచ్చింది. అప్పటికి వయసు ఇరవై దాటింది. తెలుగు అక్షరాలు అప్పుడు మొదలెట్టాం. తమిళంలో 'క' ఒక్కటే, సందర్భాన్ని బట్టి 'గ' అని కూడా పలుకుతాం. తెలుగులో క, ఖ, గ, ఘ అని నాలుగు కనిపించేసరికి ఒక్క మనిషికి నాలుగు చొక్కాలెందుకా అనిపించింది. ఒత్తులైతే మరీను. రైలెక్కి దక్షిణం వైపు వెళ్తూ స్టేషను బోర్డులు చదివి నేర్చుకున్నాం. బరంపురం బోర్డు మీద ఒడియా, హిందీ, ఇంగ్లీషు ఉంటాయి. ఇచ్ఛాపురం వచ్చేసరికి తెలుగు మొదలవుతుంది. 'ఇచ్ఛాపురం' అన్న మాటలో 'చ్ఛ' మా మొదటి గండం.

బోర్డు మీద భాష అక్కడ మారడానికి ఒక తారీకు ఉంది. 1936 ఏప్రిల్ 1. అంతకుముందు అస్కా, బరంపురం, ఇచ్ఛాపురం, టెక్కలి, శ్రీకాకుళం అన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలో ఒకే గంజాం జిల్లా. ఆ రోజున ఒరిస్సా వేరే రాష్ట్రమైంది. మనం ఇటు, ఇచ్ఛాపురం నుంచి దక్షిణం అటు. అటు మిగిలిన ముక్కని విశాఖపట్నం జిల్లాలో కలిపారు. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లాగా మళ్లీ విడదీశారు. ఒడియావాళ్లు తమ భాష మాట్లాడేవాళ్లంతా ఒక్క రాష్ట్రంలో ఉండాలని ఎన్నో ఏళ్లు పోరాడి తెచ్చుకున్న రాష్ట్రం అది. అందులో మనకు ఫిర్యాదు లేదు. ఈ ఊరు మనకి అన్నం పెట్టింది. కాకపోతే ఆ రోజునుంచి మన బంధువులు, మన బడులు, మన పుస్తకాలు గీతకి అటువైపు ఉండిపోయాయి. మనకి మిగిలింది నోట్లో తెలుగు, బీరువాలో తెలుగు.

ఇక కథలు.

మొదటిది 'రేబతి'. ఫకీర్ మోహన్ సేనాపతి రాసినది. 1898లో 'ఉత్కళ సాహిత్య' పత్రికలో వచ్చింది. ఆధునిక ఒడియా కథ దీనితోనే మొదలైందని చెబుతారు. ఆయన బాలేశ్వర్ మనిషి. పాటపూర్ అనే పల్లెటూళ్లో శ్యామబంధు అనే జమీందారు ఉద్యోగి, ఆయన భార్య, ముసలి తల్లి, ఒక్కగానొక్క కూతురు రేబతి. ఊళ్లో బడి పెట్టిన వాసు అనే కుర్రాడు వీళ్లింటికి వస్తూ పోతూ ఉంటాడు. రేబతికి చదువుకోవాలని ఉంటుంది. నాన్న సరేనంటాడు. నాయనమ్మ మాత్రం ఆడపిల్లకి చదువేమిటని గొడవ. వంటా వార్పూ నేర్చుకోవాలి గాని, అంటుంది. అయినా పిల్ల అక్షరాలు దిద్దుతుంది. ఇంతలో ఊళ్లో కలరా పడుతుంది. ఇంట్లో ఒక్కొక్కరూ పోతారు. జరిగిన ప్రతి చావుకీ కారణం ఈ పిల్ల చదువేనని నాయనమ్మ తిడుతూనే ఉంటుంది.

ఈ కథ మేము ఒడియాలోనే చదివాం. మాది అంతంతమాత్రం ఒడియా. తొమ్మిదో క్లాసు చదివే మనవరాలు పైకి చదువుతుంటే విన్నాం అనడం నిజం. చివరికొచ్చేసరికి దాని గొంతు ఆగింది. కాసేపటికి, "తాతా, కలరాకి చదువు కారణమని ఆ నాయనమ్మ నిజంగా నమ్మిందా?" అంది. నమ్మిందమ్మా అన్నాం. నమ్మిన మనిషి చెడ్డది కాదు, అదే ఈ కథలో దిగులు. మళ్లీ అడిగింది, "మన తెలుగులో ఇలాంటి కథ ఉందా?" దాని ప్రశ్నకి జవాబే మిగతా ఐదు కథలు.

రెండోది 'ధన త్రయోదశి'. భండారు అచ్చమాంబ గారు 1902లో రాశారు. 'హిందూ సుందరి' అనే స్త్రీల పత్రికలో అచ్చయింది. తెలుగులో మొదటి కథ గురజాడ వారిదని చాలాకాలం చెప్పుకున్నాం. పాత పత్రికలు వెతికినవాళ్లు ఎనిమిదేళ్ల ముందే ఈవిడ రాసిందని చూపించారు. ఇప్పుడు చాలామంది దీన్నే మొదటిదంటున్నారు.

కథలో మనిషి మనలాంటివాడే, గుమాస్తా. పేరు వెంకటరత్నం. ఊరు బొంబాయి. ఒక వ్యాపారి దగ్గర చాలీచాలని జీతం. దీపావళి ముందు ధనత్రయోదశి వస్తుంది. ఊరంతా సందడి, ఇంట్లో ఏమీ లేదు. యజమాని సొమ్ము చేతికందేలా కనిపిస్తుంది. తీసుకొస్తాడు. భార్య విజయలక్ష్మి ఆ డబ్బు ఎక్కడిదో తెలిశాక ముట్టుకోదు, తిరిగి ఇచ్చేదాకా ఊరుకోదు. కథ ఇంతే.

ఇప్పటి కుర్రాళ్లకి ఇది నీతికథలా అనిపించవచ్చు. భాష కూడా పాత పుస్తకాల భాష. అయినా క్యాష్ మీద కూర్చున్నవాడు చదివితే వేరేగా ఉంటుంది. మా కౌంటరులో ఒక రాత్రి లెక్క ముగించేసరికి వంద రూపాయలు ఎక్కువ తేలాయి. తక్కువొస్తే మా జీతంలోంచి పోతుంది. ఎక్కువొస్తే పుస్తకంలో ఎక్కువని రాసి జమ చెయ్యాలి. ఆ నెలలోనే రెండుసార్లు తక్కువొచ్చి కట్టాం. ఇది దానికి చెల్లు అనుకుని జేబులో పెట్టుకుని టీకొట్టు దాకా వెళ్లాం. టీ తాగాం. వెనక్కొచ్చి జమ రాశాం. మమ్మల్ని ఆపినది విజయలక్ష్మి కాదు, ఇన్‌స్పెక్షన్ భయం. అచ్చమాంబ గారి కథ ఆ తర్వాత చాలా ఏళ్లకి చదివాం. ఎవరికీ భయపడకుండానే ఆపగలిగిన మనిషిని చూసి సిగ్గేసింది.

ఆవిడ సంగతి కూడా తెలుసుకోవాలి. 1874లో పుట్టారు. చిన్నప్పుడే పెళ్లయింది. బడికి పంపలేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటుంటే ఆయన పక్కన కూర్చుని నేర్చుకున్నారు. ఆ తమ్ముడే తర్వాత తెలుగులో విజ్ఞాన సర్వస్వం మొదలెట్టిన మహానుభావుడు. భర్త ఉద్యోగం మధ్య పరగణాల్లో. అంటే తెలుగునేల దాటి, మన లాగే, వేరే భాషల మధ్య కాపురం. పిల్లలు దక్కలేదు. దేశంలోని గొప్ప స్త్రీల చరిత్రలు సేకరించి 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రాశారు. ముప్పై ఏళ్లకే, 1905లో పోయారు. తెలుగు కథ తొలి అడుగు వేసిన మనిషి బతుకులో ఎక్కువకాలం తెలుగుదేశం బయట గడిపింది. ఇతర రాష్ట్రంలో ఉన్నాం, మనకి సాహిత్యం ఏమిటి అనేవాళ్లకి ఈవిడ పేరు చెప్పండి.

మూడోది 'దిద్దుబాటు'. గురజాడ అప్పారావు గారిది. 1910 ఫిబ్రవరిలో 'ఆంధ్రభారతి'లో వచ్చింది. గోపాలరావు అనే చదువుకున్న పెద్దమనిషి. సంస్కరణ పేరు చెప్పి సానుల పాట వినడానికి పోయి అర్ధరాత్రి దాటాక ఇల్లు చేరుతుంటాడు. ఓ రాత్రి వచ్చి చూస్తే భార్య కమలిని లేదు. బల్ల మీద ఉత్తరం ఉంది. నౌకరు రాముడు తెల్లబోయి నిలబడ్డాడు. ఆ తర్వాత పది నిమిషాల్లో గోపాలరావు గర్వం ఎలా దిగిందన్నదే కథ. నవ్వుతూ చదువుతాం. చివరి వాక్యం దాకా వెళ్లి చదవండి, ముందే చెప్పేసి మీ సరదా పాడుచెయ్యం.

నవ్వు అయిపోయాక ఒక్కటి ఆలోచించండి. ఆ కథ మొత్తం ఒక ఉత్తరం మీద నిలబడింది. కమలినికి రాయడం వచ్చు. రాకపోతే ఆ కథే లేదు. ఎప్పటిలాగే మాట్లాడకుండా తలుపు తీసి అన్నం వడ్డించి ఉండేది. రేబతి చావకుండా పెద్దదై, పెళ్లయి, కాగితం కలం చేతిలోకి తీసుకుంటే ఎలా ఉంటుందో అదే కమలిని. పన్నెండేళ్ల తేడాలో, రెండు భాషల్లో, ఒకరినొకరు ఎరక్కుండా, ఇద్దరు పెద్దవాళ్లు ఒక్క విషయమే పట్టుకున్నారు.

ఈ కథ రాసిన భాష వెనక మన గంజాం ఉంది. గిడుగు రామమూర్తి పంతులు గారు శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. అది అప్పటి గంజాం జిల్లాయే. పర్లాకిమిడి రాజావారి బడిలో ఏళ్లతరబడి పాఠాలు చెప్పారు. సవరల భాష నేర్చుకుని వాళ్ల పిల్లలకి వాళ్ల భాషలోనే పుస్తకాలు తయారుచేశారు. గురజాడ, గిడుగు విజయనగరంలో కలిసి చదువుకున్న స్నేహితులు. బళ్లలో చెప్పే తెలుగు ఒకటి, జనం మాట్లాడే తెలుగు ఒకటి అయితే పిల్లలకి చదువెలా వస్తుందన్న ప్రశ్న 1906 ప్రాంతంలో గట్టిగా లేచింది. దాన్ని లేపిన నలుగురిలో ఇద్దరు వీళ్లు. మూడో ఆయన బడుల ఇన్‌స్పెక్టరు యేట్స్ దొర. నాలుగో ఆయన విశాఖపట్నం కాలేజీ ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారు, తమిళుడు. తమిళ బడిలో చదివి తెలుగుకి వచ్చినవాళ్లం కాబట్టి ఆ పేరు చూస్తే మాకు కొంచెం ధైర్యం.

వాడుక భాషకి ఆ గెలుపు రాకపోతే మా లాంటి వాళ్లకి తెలుగు కథ అందేది కాదు. గ్రాంథికం నేర్చుకోవాలంటే మరో జన్మ ఎత్తాలి. అమ్మ మాట్లాడిన మాటే అచ్చులో కనబడింది కాబట్టి చదవగలిగాం. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలోకి వచ్చినప్పుడు గిడుగు వారు ఊరు విడిచి రాజమండ్రి వెళ్లిపోయారు. అప్పటికి డెబ్బై రెండేళ్లు. నాలుగేళ్లకి, 1940లో కన్నుమూశారు. మనవాళ్లు ఇక్కడే ఉండిపోయారు. వెళ్లినవాళ్లదీ ఉండిపోయినవాళ్లదీ బాధ ఒకటే రకం కాదు గాని, బాధే.

నాలుగోది తమిళ కథ. 'కుళత్తంగరై అరసమరం', అంటే చెరువుగట్టు మీది రావిచెట్టు. వ.వె.సు. అయ్యర్ 1915లో రాశారు. తమిళంలో తొలి ఆధునిక కథగా దీన్ని చెబుతారు. అయ్యర్ లండన్‌లో లా చదివి, అక్కడ విప్లవకారులతో కలిసి, తెల్లవాళ్లకి చిక్కకుండా పుదుచ్చేరిలో తలదాచుకున్న మనిషి. ఈ కథ మాకు బడిలో తమిళ అయ్య చదివి వినిపించారు. కథ చెప్పేది చెట్టు. దాని నీడలో ఆడుకుని పెరిగిన రుక్మిణికి చిన్నప్పుడే పెళ్లయింది. ఇంకా కాపురానికి వెళ్లలేదు. ఇంతలో తండ్రి డబ్బు దాచిన కంపెనీ మద్రాసులో దివాలా తీస్తుంది. డబ్బు పోగానే అత్తవారికి కోడలు బరువైపోయింది. కొడుక్కి రెండో పెళ్లి మాటలు మొదలెడతారు. ఆ కుర్రాడు మంచివాడే, పెళ్లాన్ని వదలడు. కానీ మనసులో ఉన్నది ఆ అమ్మాయికి చెప్పకుండా దాచి, చివర్లో ఆశ్చర్యపరుద్దాం అనుకుంటాడు. ఆ చెప్పని మాటకి ఖరీదు చెరువులో తేలుతుంది.

ఆ కంపెనీ దివాలా కల్పన కాదు. 1906లో మద్రాసులో ఆర్బత్‌నాట్ కంపెనీ కూలింది, వేల కుటుంబాల దాపుడు సొమ్ము పోయింది. ఇటీవల చిట్‌ఫండ్లలో పోగొట్టుకున్నవాళ్లు మనలో లేరా? పేరు మారింది గాని కథ మారలేదు. ఇంకో సంగతి. ఈ కథ రాసిన పదేళ్లకి, 1925లో, పాపనాశనం జలపాతం దగ్గర నీళ్లలో పడిన కూతుర్ని కాపాడబోయి అయ్యర్ గారు తానూ మునిగిపోయారు. మా తమిళ అయ్య ఈ ముక్క చెప్పి పుస్తకం మూసేశారు. ఆ రోజు క్లాసులో గంట కొట్టేదాకా ఎవరూ మాట్లాడలేదు.

వరసలో పెడితే ఒక సంగతి కనిపిస్తుందన్నాం. అది ఇదే. మన తీరం మీద ఒడియా, తెలుగు, తమిళం మూడు భాషల్లోనూ కథ పుట్టినప్పుడు నడి మధ్యన ఒక ఆడపిల్ల ఉంది. రాజులు లేరు, దేవతలు లేరు. చదువుకోవాలనుకున్న పిల్ల, దొంగ సొమ్ము వద్దన్న ఇల్లాలు, ఉత్తరం రాసిన భార్య, తన గురించి తనకే ఎవరూ చెప్పని కోడలు. 1898 నుంచి 1915 దాకా, పదిహేడేళ్లలో. కాలక్షేపానికి పుట్టలేదండీ కథ. ఇంట్లో పైకి అనలేని మాట కాగితం మీద అనడానికి పుట్టింది.

ఐదోది 'గాలివాన'. పాలగుమ్మి పద్మరాజు గారిది. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ పత్రిక ప్రపంచమంతా కలిపి నడిపిన కథల పోటీలో రెండో బహుమతి పొందింది. రైల్వేవాళ్లు దీన్ని చదవకపోతే పింఛను ఆపేయాలి! రావుగారనే పెద్దమనిషి, వేదాంతం, నియమాలు, అన్నీ కొలత ప్రకారం. రైల్లో వెళ్తుంటే పెట్టెలోకి ఒక ముష్టిమనిషి వస్తుంది. ఆయనకి చీదర. తుఫాను పట్టుకుంటుంది. దిగిన చిన్న స్టేషన్లో కరెంటు లేదు, మనిషి లేడు, తలుపులు ఊడిపోతున్నాయి. ఆ రాత్రి ఆయనకి తోడుగా మిగిలిన ప్రాణి ఆ ముష్టిమనిషే. చివర్లో టికెట్ కౌంటరు సొరుగులోని డబ్బు సంగతి ఉంది. యాభై ఏళ్ల క్రితం అచ్చమాంబ గారి గుమాస్తా అడిగిన ప్రశ్ననే ఇక్కడ రావుగారు ఎదుర్కొంటారు, జవాబు మాత్రం అంత సులువుగా ఉండదు. దొంగ ఎవరు, ఎవరికి ఎవరు బాకీ అన్నది మీరే తేల్చుకోవాలి.

ఈ కథని మేము రెండుసార్లు చదివాం. మొదటిసారి ఉద్యోగంలో చేరిన కొత్తలో. బాగుందనుకుని మూసేశాం. రెండోసారి 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాలపురం దగ్గర తీరం దాటాక. ఆ రాత్రి మనందరం గడిపాం కదా, చెప్పక్కర్లేదు. మా వీధిలో ఎన్నడూ పలకరించుకోని రెండిళ్లవాళ్లు ఒక్క గదిలో తెల్లవార్లూ కూర్చున్నారు. ఎవరి చెయ్యి ఎవరు పట్టుకున్నారో చూసుకోలేదు. కరెంటు వచ్చాక మళ్లీ ఎవరిల్లు వారిది. ఆ తర్వాత చదివితే పద్మరాజు గారు మన వీధిలోనే ఉండి రాశారా అనిపించింది.

ఆరోది 'యజ్ఞం'. కాళీపట్నం రామారావు మాస్టారు 1964లో రాశారు. ఇది చిన్నది కాదు, ఒక పూట పడుతుంది. సుందరపాలెం అనే ఊరు. శ్రీకాకుళం ప్రాంతపు పల్లె ఎలా ఉంటుందో అలాగే ఉంటుంది. అప్పల్రాముడు అనే మాల కులపు రైతు అప్పు సంగతి పంచాయితీకి వస్తుంది. పెద్దలంతా మంచివాళ్లే, న్యాయంగానే మాట్లాడుతున్నట్టుంటుంది. లెక్క సరిగ్గానే ఉంటుంది. ఊళ్లోకి రోడ్డొచ్చింది, బడి వచ్చింది, అభివృద్ధి అంతా వచ్చింది. అయినా ఒక కుటుంబం తరతరాలు కష్టపడి ఎలా ఇంకా కిందికి దిగిపోయిందో మాస్టారు ఒక్కో మెట్టూ చూపిస్తారు. ముగింపులో అప్పల్రాముడి కొడుకు సీతారాముడు చేసే పనిని తట్టుకోవడం కష్టం. గుండె గట్టి చేసుకుని చదవండి. చదివాక ఓ రెండు రోజులు మాకు ఫోన్ చెయ్యకండి, ఏం చెప్పాలో మాకూ తెలియదు.

జీవితమంతా లెక్కలు రాసినవాళ్లం. కూడిక సరిపోతే న్యాయం సరిపోయిందనుకునేవాళ్లం. ఈ కథ ఆ నమ్మకాన్ని తీసేసింది. సరైన లెక్క కూడా మనిషిని చంపగలదు. అది ఏ ఆడిటు పుస్తకంలోనూ చెప్పలేదు మాకు.

మాస్టారికి 1995లో 'యజ్ఞంతో తొమ్మిది' సంపుటికి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. ఆ డబ్బు ఇల్లు బాగుచేసుకోవడానికి వాడుకోలేదు. తెలుగులో అచ్చయిన ప్రతి కథనీ ఒక్కచోట చేర్చాలని శ్రీకాకుళంలో 'కథానిలయం' పెట్టారు. 1997 ఫిబ్రవరి 22న అది తెరుచుకుంది. పాత పత్రికల కోసం ఊరూరా తిరిగారు, తెలిసినవాళ్లని అడిగారు, ఇళ్ల అటకల మీంచి దింపించారు. 2021లో తొంభై ఆరేళ్ల వయసులో పోయారు. నిలయం ఉంది. మనకి దూరమేం కాదు. అస్కాకి రైలు లేదు కాబట్టి బస్సెక్కి బరంపురం, అక్కణ్నుంచి రైలెక్కితే శ్రీకాకుళం రోడ్డు, అదే ఆమదాలవలస. 1936కి ముందు అది మన జిల్లాయే కదా.

ఇది చెప్పడానికి కారణం ఉంది. ఒక బడిపంతులు తనకొచ్చిన బహుమతి డబ్బుతో పాత పుస్తకాలకి ఇల్లు కట్టాడు. మనం ఉన్న బీరువాని తూకానికి వేద్దామా అని ఆలోచిస్తున్నాం. కిలోకి ఎంతిస్తాడో కూడా ఎవరో కనుక్కున్నారట. వద్దండీ.

అసలు చిక్కు బీరువాది కాదని మాకూ తెలుసు. మన పిల్లలకి తెలుగు మాట వచ్చు, అక్షరం రాదు. వాళ్ల తప్పు కాదు. బడిలో ఒడియా, ఇంగ్లీషు, హిందీ. నాలుగోది ఎక్కడ పెడతారు? తమిళ బడిలో చదివిన మేము అమ్మ ఉత్తరం ముందు ఎలా నిలబడ్డామో వాళ్లూ ఇప్పుడు అలాగే నిలబడ్డారు. అందుకే వాళ్లని తిట్టకండి. రేబతి నాయనమ్మ తిట్టి ఏం సాధించింది?

మా మనవి చిన్నదే. నెలకో ఆదివారం, సాయంత్రం ఒక గంట. అక్షరాలొచ్చిన పెద్దవాళ్లు ఒక కథ పైకి చదవాలి. పిల్లలు వినాలి. వినడానికి అక్షరాలు అక్కర్లేదు. 'దిద్దుబాటు'తో మొదలెడదాం, నవ్వుతారు. రెండోసారి మా మనవరాలు 'రేబతి'ని ఒడియాలో చదువుతుంది, మేము తెలుగులో చెబుతాం. ఒడియా స్నేహితుల్ని కూడా పిలుచుకుందాం. మూడోసారికి ఎవరో ఒక పిల్ల "ఇది ఏ అక్షరం?" అని అడుగుతుంది. అడిగితే చాలు. పుస్తకం మధ్యలో వేలుపెట్టి చూపిద్దాం. యజ్ఞం మాత్రం పెద్దపిల్లలకే.

కుర్చీలకి జాగా కావాలంటే బీరువాని మా ఇంటి వసారాలో పెట్టుకుంటాం. వాన తగలదు. తాళంచెవి గుమ్మం పక్కన మేకుకి వేలాడుతుంది, ఎవరైనా ఎప్పుడైనా రావచ్చు.

అమ్మ పోయాక ఆవిడ పెట్టెలో తాతగారి ఉత్తరాలు దొరికాయి. అప్పటికి మాకు చదవడం వచ్చేసింది. అన్నీ కూర్చుని చదివాం. పెద్ద విశేషాలేం లేవు. ఋషికుల్య ఈసారి ఎంత పొంగింది, చెరుకు ఎలా ఉంది, ఆవు ఈనింది, పిల్లాడికి ఒంట్లో ఎలా ఉంది. ప్రతి ఉత్తరం చివరా ఒక్కటే మాట, అబ్బాయికి తెలుగు నేర్పించండి అని. గూట్లో ఉండిపోయిన ఆ కాగితాల్లో మా గురించే ఉందని నలభై ఏళ్ల తర్వాత తెలిసింది.

ఈ రాతలో ఒత్తులూ దీర్ఘాలూ తప్పుపోయి ఉంటాయి. క, ఖలు ఇప్పటికీ మమ్మల్ని ఏడిపిస్తాయి. కనబడితే కింద రాయండి, దిద్దుకుంటాం. వచ్చే మీటింగులో బీరువా గురించి చెయ్యెత్తేముందు ఈ ఆరింటిలో ఒక్కటైనా చదివి రండి. చదివినవాళ్లు ఏ పక్కకి చెయ్యెత్తినా మాకు సమ్మతమే.